జీలాంగ్ హెడ్, క్లీవ్‌లాండ్ బ్లాకు

మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ బల్ల మీద ఉన్న వస్తువును దగ్గర్నుంచి చూస్తేనే నేను చెప్పేది అర్థమవుతుంది. పిల్లల్ని కూడా రానివ్వండమ్మా, ముట్టుకోవచ్చు. నూనె మరక లేకుండా తుడిచి తెచ్చాను.

దీన్ని సిలిండర్ హెడ్ అంటారు. ఇంజన్‌కి మూత లాంటిది. బోర్లించి పెట్టాను కాబట్టి అడుగు భాగం పైకి కనబడుతోంది. ఈ నాలుగు గుంటలు చూశారా? పెట్రోలు, గాలి కలిసి మండేది ఇక్కడే. ఒక్కో గుంటలో రెండు వాల్వులు, పక్కన స్పార్క్ ప్లగ్గు పెట్టే రంధ్రం. వీటిని కంబశ్చన్ చాంబర్లు అంటారు, మనం గుంట అనే అనుకుందాం. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ గుంట చుట్టూనే తిరుగుతుంది. ఇది ఎందుకు ఇంత చిన్నగా ఉంది? అంతే ప్రశ్న.

ఈ హెడ్డు పోత పోసింది మనకి గంట దూరంలో, జీలాంగ్‌లో. ఆస్ట్రేలియా ఫోర్డ్ వాళ్ళ 302 క్లీవ్‌లాండ్ ఇంజన్ హెడ్డు. ఇలాంటివి ఓడలెక్కి అమెరికా వెళ్ళాయి. అక్కడివాళ్ళు వీటిని వెతికి, తెప్పించుకుని, తమ ఇంజన్లకు బిగించుకున్నారు. అక్కడ దీని పేరే ‘ఆసీ హెడ్’. మరి క్లీవ్‌లాండ్ ఎక్కడుంది? ఒహాయో రాష్ట్రంలో, అమెరికాలో. ఆ ఇంజన్ పుట్టింది అక్కడ. పుట్టింట్లో లేని వస్తువు అత్తారింట్లో ఎలా తయారైంది? అది తెలిస్తే ఒక దేశం కారు సామాను ఇంకో దేశం కారుకి ఎప్పుడు సరిపోతుందో, ఎప్పుడు సరిపోదో సగం తెలిసిపోయినట్టే.

1960లో ఇక్కడి ఫోర్డ్ వాళ్ళు ఫాల్కన్ కారు మొదలుపెట్టారు. అది అమెరికా ఫాల్కనే, స్టీరింగ్ మాత్రం కుడివైపుకి మార్చారు. ఇక్కడి గతుకుల రోడ్ల మీద మొదటి ఫాల్కన్ల ముందు చక్రాల దగ్గర బాల్ జాయింట్లు అరిగి, విరిగి నానా తిప్పలు పెట్టాయి. అప్పటినుంచి ఇక్కడి ఇంజనీర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చారు. 1972 నాటికి బాడీ డిజైన్ కూడా ఇక్కడిదే అయిపోయింది. ఒకే తల్లి బిడ్డలు చెరో ఊళ్ళో పెరిగినట్టు. ముక్కు, మొహం ఒకటే, అలవాట్లు వేరు.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. 351 క్లీవ్‌లాండ్ అమెరికాలో 1970 మోడల్ కార్లతో వచ్చింది, 1974తో ఆగిపోయింది. నిండా అయిదేళ్ళు. ఇక్కడ మాత్రం 1980ల మొదటి దాకా నడిచింది. అమెరికాలో ఆగిపోయాక ఇటలీలో పంటేరా కారు చేసే డి తొమాసో వాళ్ళు కూడా ఇక్కడి నుంచే ఈ ఇంజన్లు తెప్పించుకున్నారు. ఇటలీ కారు, అమెరికా డిజైను, జీలాంగ్ ఇనుము!

351 అంటే క్యూబిక్ అంగుళాలు. సిలిండర్ వెడల్పు 4 అంగుళాలు, పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం, అంటే స్ట్రోకు, మూడున్నర అంగుళాలు. ఇక్కడివాళ్ళకి దీనికంటే కాస్త చిన్న వీ8, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లుండే ఇంజన్, కూడా కావాలి. అమెరికాలో అయితే ఏం చేస్తారు? వేరే ఇంజన్ ఉంది, వేరే ఫ్యాక్టరీ ఉంది, లక్షల్లో అమ్ముడవుతుంది కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదు. ఆస్ట్రేలియా మార్కెట్ ఎంత? చిన్నది. రెండు రకాల బ్లాకులు, అంటే సిలిండర్లుండే ఇంజన్ మొండేలు, పోత పోసే స్తోమత ఎక్కడిది? అందుకని ఏం చేశారంటే, అదే బ్లాకు, అదే పిస్టను ఉంచి, స్ట్రోకు మూడున్నర నుంచి మూడుకి తగ్గించారు. అర అంగుళం తగ్గింది. 302 అయింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. స్ట్రోకు అర అంగుళం తగ్గితే పిస్టన్ పైకి ఎంత తక్కువ వస్తుంది? అరలో సగం, పావు అంగుళం. అంటే పిస్టన్ పైన పావు అంగుళం ఖాళీ ఉండిపోతుంది. దాన్ని పూడ్చడానికి, పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్ షాఫ్టుకి కలిపే కనెక్టింగ్ రాడ్డుని పావు అంగుళం పొడుగు చేశారు. 351 రాడ్డు 5.78 అంగుళాలు, 302 రాడ్డు 6.03. తీసేసి చూడండి, సరిగ్గా పావు. నాకు ఈ లెక్క అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక్క కొలత మార్చి, దాని వెంట ఇంకో కొలత మార్చి, మిగతా ఇంజన్ అంతా కదలకుండా ఉంచారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. స్ట్రోకు తగ్గింది కాబట్టి సిలిండర్ పీల్చుకునే గాలి తగ్గింది. 351లో ఒక సిలిండర్ 721 సీసీ. 302లో 618. తక్కువ గాలిని పాత పెద్ద గుంటలోకే నొక్కితే నొక్కుడు చాలదు, కంప్రెషన్ పడిపోతుంది, ఇంజన్ నీరసంగా ఉంటుంది. అందుకే గుంట చిన్నది చేశారు. 58 సీసీ దగ్గరికి తెచ్చారు. అదీ ఈ హెడ్డు పుట్టిన కథ. ఇది రేసు కోసం చేసింది కాదు. ఒకే బ్లాకుతో రెండు ఇంజన్లు గడుపుకోవాలని చేసింది.

అమెరికాలో మామూలు 351కి వచ్చిన హెడ్డులో గుంట సుమారు 76 సీసీ. వెడల్పాటి మూకుడులా తెరుచుకుని ఉంటుంది. మరి ఈ చిన్న గుంట హెడ్డు తీసుకెళ్ళి ఆ పెద్ద 351 బ్లాకు మీద పెడితే? బోల్టులు అచ్చు గుద్దినట్టు కూర్చుంటాయి, ఎందుకంటే బ్లాకు ఒకటే కదా. లెక్క వేద్దాం. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య వేసే గాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలే సందు కలిపి 17 సీసీ అనుకోండి. అమెరికా హెడ్డుతో 76కి 17 కలిపితే 93. దానికి 721 కలిపితే 814. 814ని 93తో భాగిస్తే ఎనిమిది ముప్పావు. అదే కంప్రెషన్ లెక్క, గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో. ఇప్పుడు ఈ హెడ్డుతో. 58కి 17 కలిపితే 75. 721 కలిపితే 796. 75తో భాగిస్తే పదిన్నర దాటింది. ఎనిమిది ముప్పావు నుంచి పదిన్నరకి! పిస్టన్ మార్చలేదు, బోరింగు చేయించలేదు, హెడ్డు ఒక్కటే మార్చాం.

ఇంకోటి. ఈ గుంట పక్కన చదునుగా ఉన్న ఈ చోటు మీద వేలు పెట్టి చూడండి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు ఈ చదునుకి అతి దగ్గరగా వస్తుంది, మధ్యలో ఉన్న పెట్రోలు గాలిని గుంటలోకి పిచికారీలా నెట్టేస్తుంది. దాంతో మంట గబగబా, సమంగా అంటుకుంటుంది, ఇంజన్ టకటకా కొట్టుకోదు. తెరుచుకున్న గుంటలో ఈ చదును లేదు. అందుకే కంప్రెషన్ పెరిగినా ఈ హెడ్డు తట్టుకుంటుంది, మంచి పెట్రోలు పోస్తే. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ మధ్య అడిగారు, మా బంకులో పెట్రోలు ఆక్టేన్ అంకె 93 దాకానే ఉంది, మీకు 98 ఉంది కదా అని. కంగారు పడక్కర్లేదు. వాళ్ళు లెక్క కట్టే పద్ధతి వేరు. అక్కడి 93, ఇక్కడి 98 ఇంచుమించు ఒకటే.

ఇప్పుడు దారి తప్పే చోట్లు చెప్తాను. మొదటిది పేర్లతో. 4వీ హెడ్డు, 2వీ హెడ్డు అని అంటారు. కుర్రాళ్ళు 4వీ అనగానే నాలుగు వాల్వులు అనుకుంటారు. కాదు. కార్బురేటర్‌లో ఎన్ని గొట్టాలు అన్నది ఆ లెక్క. 4వీ హెడ్డుకి గాలి వెళ్ళే దారులు చాలా పెద్దవి, 2వీకి చిన్నవి. మన ఈ హెడ్డు 2వీ. 4వీ మానిఫోల్డ్, అంటే హెడ్డులోకి గాలి తీసుకెళ్ళే గొట్టాల పోత, తెచ్చి దీని మీద పెడితే రంధ్రాలు ఒకదానికొకటి అందవు. మామూలు రోడ్డు మీద తిరిగే కారుకి 2వీయే మేలు. దారి చిన్నదైతే గాలి వడిగా వెళ్తుంది, సిగ్నల్ దగ్గర పికప్ బాగుంటుంది. పెద్దదే గొప్ప అనే భ్రమ చాలామందిని ముంచింది.

రెండోది ఇంకా పెద్ద ఉచ్చు. 302 అంటే ఏ 302? అమెరికాలో 302 అంటే విండ్సర్. కెనడాలో విండ్సర్ అనే ఊరి పేరు మీద వచ్చింది. దాని సిలిండర్ 4 అంగుళాలు, స్ట్రోకు 3 అంగుళాలు. ఇక్కడి 302 క్లీవ్‌లాండ్‌కి? సిలిండర్ 4, స్ట్రోకు 3. అంకెలన్నీ ఒకటే! ఇంజన్లు మాత్రం రెండు వేరు. బ్లాకు ఎత్తులోనే అంగుళం తేడా. ఫోన్లో ‘302 హెడ్లు ఉన్నాయి అన్నా’ అని ఎవరైనా అంటే, ఫొటో చూడకుండా డబ్బు పంపకండి.

కానీ ఒక చిత్రం ఉంది. క్లీవ్‌లాండ్ హెడ్డు విండ్సర్ బ్లాకు మీద కూడా కూర్చుంటుంది. 1969లో ఫోర్డ్ వాళ్ళే బాస్ 302 అనే మస్టాంగ్‌లో ఈ రకం కలయిక చేశారు. చిక్కంతా నీళ్ళ దారితో. విండ్సర్‌లో వేడి నీళ్ళు హెడ్డు నుంచి మానిఫోల్డ్‌లోకి వెళ్తాయి. క్లీవ్‌లాండ్‌లో హెడ్డు అడుగు నుంచి మళ్ళీ బ్లాకులోకే దిగుతాయి. అంటే ఈ హెడ్డు విండ్సర్ మీద పెట్టాలంటే అడుగున ఉన్న ఈ రంధ్రం మూసెయ్యాలి, ఈ పక్కన కొత్త దారి తెరవాలి. ఇదిగో, ఇక్కడ. మరిచిపోతే ఏమవుతుంది? బోల్టులు బ్రహ్మాండంగా బిగుస్తాయి, ఇంజన్ స్టార్టు అవుతుంది, కాసేపటికి హెడ్డు ఉడికిపోతుంది.

మూడోది నా చేతుల మీదుగా జరిగింది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక మిత్రుడి పాత ఫాల్కన్‌కి, క్లీవ్‌లాండ్ ఇంజనే, ఫ్లైవీల్, అంటే క్రాంక్ షాఫ్టు చివర తిరిగే బరువైన చక్రం, మార్చాల్సి వచ్చింది. అమెరికా నుంచి తెప్పించాం. అమ్మినవాళ్ళు ఫోర్డ్ చిన్న వీ8 అన్నిటికీ వస్తుందన్నారు. క్రాంక్ షాఫ్టుకి ఆరు బోల్టులు, ఆరూ చక్కగా పట్టాయి. స్టార్టరు పట్టుకుంది. సంతోషంగా బయల్దేరాం. 2000 ఆర్‌పీఎం దాటగానే స్టీరింగ్, అద్దం, సీటు, అన్నీ వణకడం మొదలుపెట్టాయి. మౌంటింగు రబ్బర్లు పోయాయేమో అనుకుని అవి మార్చాం. తగ్గలేదు. క్లచ్చు విప్పాం, మళ్ళీ బిగించాం. తగ్గలేదు. చివరికి పాత ఫ్లైవీల్, కొత్త ఫ్లైవీల్ నేల మీద పక్కపక్కన పెట్టి చూశాం. కొత్తదాని వెనక ఒక పక్కన బరువు ముద్ద పెద్దది.

ఈ ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు తూకం కొంత ఫ్లైవీల్ మీద, ముందు పుల్లీ మీద పెడతారు. పాత విండ్సర్లకీ, క్లీవ్‌లాండ్లకీ ఆ తూకం 28 ఔన్సులు. 1980ల మొదట్లో అమెరికా వాళ్ళు 302 విండ్సర్‌కి దాన్ని 50కి మార్చారు. 1991లో ఇక్కడి ఈబీ ఫాల్కన్‌లోకి ఆ ఇంజనే దిగుమతి అయి వచ్చింది. అంటే ఇక్కడ కూడా ఒకే కంపెనీ కార్లలో రెండు తూకాలు తిరుగుతున్నాయి. మేం 28 ఇంజన్‌కి 50 ఫ్లైవీల్ బిగించాం. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మెయిన్ బేరింగులు దెబ్బతిన్నాయి, ఇంజన్ మొత్తం విప్పాం. మా మిత్రుడు ఆ బండిని నాన్నలా చూసుకునేవాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ బాధ. ఆ రోజు నుంచి తూకం చూడకుండా ఫ్లైవీల్‌కి పానా పెట్టలేదు. దాంతోపాటు పళ్ళు కూడా లెక్కపెడతాను. ఫోర్డ్‌లో 157 పళ్ళవి ఉన్నాయి, 164వి ఉన్నాయి. ఫ్లైవీల్ మీద కప్పే గంటలాంటి తొడుగు, బెల్ హౌసింగ్, ఒకదానిదీ, ఫ్లైవీల్ ఇంకోదానిదీ అయితే స్టార్టరు అందదు, లేదా పళ్ళు కొరుక్కుంటుంది.

ఫోర్డ్‌కి ఇక్కడ పోటీ కంపెనీ అయిన హోల్డెన్ వాళ్ళని మరిచిపోయాననుకోకండి, అన్నయ్య ముందు వరసలో హోల్డెన్ టీషర్టు వేసుకుని కూర్చున్నారు. హోల్డెన్ 1968లో మొదటి మొనారో కారులో అమెరికా షెవర్లే 327 పెట్టింది, అదే ఏడాది బాథర్స్ట్ రేసు గెలిచింది. తర్వాత 253, 308 అని సొంత వీ8లు చేసుకుంది. అవి షెవర్లే లాగే కనిపిస్తాయి, కానీ గేర్ బాక్సు బోల్టు రంధ్రాలు షెవర్లేవి కావు. మళ్ళీ 1999లో అమెరికా ఎల్‌ఎస్1 ఇంజన్ హోల్డెన్ కమడోర్ కారులోకి వచ్చింది. అక్కడినుంచి రాకపోకలు బాగా పెరిగాయి. ఇక్కడి మొనారో 2004లో పాంటియాక్ జీటీఓ పేరుతో అమెరికా వెళ్ళింది. తర్వాత కమడోర్లు పాంటియాక్ జీ8, షెవర్లే ఎస్‌ఎస్ పేర్లతో వెళ్ళాయి. 2017 అక్టోబర్ 20న హోల్డెన్ వాళ్ళ ఎలిజబెత్ ఫ్యాక్టరీ మూసేశారు. ఇప్పుడు అమెరికాలో జీటీఓ ఉన్నవాళ్ళు సామాను కోసం ఇటు చూస్తారు, ఇక్కడ కమడోర్ ఉన్నవాళ్ళు హెడ్లు, క్యామ్‌షాఫ్టుల కోసం అటు చూస్తారు.

ఎల్‌ఎస్ ఇంజన్ గురించి ఒక్క కొలత గుర్తుపెట్టుకోండి. 0.4 అంగుళం. పాత షెవర్లే గేర్ బాక్సు ఎల్‌ఎస్‌కి పడుతుందా? పడుతుంది, బోల్టులు ఒక్కటి తప్ప అన్నీ కలుస్తాయి. కానీ ఎల్‌ఎస్ క్రాంక్ షాఫ్టు చివర పాతదాని కంటే 0.4 అంగుళం లోపలికి ఉంటుంది. చిటికెన వేలు మందం. ఆ సందు నింపే స్పేసర్ వెయ్యకుండా ఆటోమేటిక్ గేర్ బాక్సు బిగిస్తే ఇంజన్ శక్తిని గేర్ బాక్సుకి అందించే టార్క్ కన్వర్టర్ మధ్యలో నిలవదు, గేర్ బాక్సు పంపు పాడవుతుంది. ఇంకోటి, అమెరికా షెవర్లే కమారో నుంచి విప్పిన ఎల్‌ఎస్1ని కమడోర్‌లో దించాలంటే ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టి, అదే సంపు, మార్చాలి. కమారోలో సంపు లోతు వెనక ఉంటుంది, కమడోర్‌లో ముందు ఉంటుంది. సంపు ఒక్కటే కాదు, లోపల నూనె పీల్చే గొట్టం కూడా దాని జతదే వెయ్యాలి. ఇంకో మాట, ఇక్కడ విక్టోరియాలో ఇంజన్ రకమే మార్చేస్తే వాస్ ఇంజనీరు, అంటే మార్పులు చేసిన బండ్లను పరీక్షించే గుర్తింపు ఉన్న ఇంజనీరు, చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. పని అయ్యాక కాదు, మొదలుపెట్టే ముందే వెళ్ళి అడగండి.

ఆరు సిలిండర్ల సంగతి చెప్పకుండా ముగించలేను. 1960లో అమెరికా ఫాల్కన్‌తో ఇక్కడికి వచ్చిన చిన్న స్ట్రెయిట్ సిక్స్, అంటే ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే ఇంజన్, 144 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 2.4 లీటర్లు. అమెరికాలో మస్టాంగ్‌కి కూడా ఆ వంశం ఇంజనే వేశారు. దానికో అవకరం ఉంది. గాలి లోపలికి తీసుకెళ్ళే మానిఫోల్డ్‌ని హెడ్డుతో కలిపి ఒకే పోతగా పోసేశారు. విప్పడానికి లేదు, పెద్ద కార్బురేటర్ పెట్టడానికి లేదు. అమెరికా వాళ్ళు దాన్ని అలాగే వదిలేశారు. ఎందుకంటే పవరు కావాలంటే వాళ్ళకి వీ8 ఉంది. ఇక్కడ చాలా ఇళ్ళకి సిక్సే కారు. అందుకని ఇక్కడివాళ్ళు దాన్నే మెరుగుపరుచుకున్నారు. 1970ల మొదట్లో మానిఫోల్డ్ విడిగా వచ్చే 250 2వీ హెడ్డు చేశారు. అది అమెరికా 200, 250 సిక్సుల మీద కూర్చుంటుంది! పాత మస్టాంగ్ సిక్సు ఉన్నవాళ్ళు దానికోసం ప్రాణం పెడతారు. 1976లో వచ్చిన క్రాస్‌ఫ్లో హెడ్డు, అంటే గాలి ఒక పక్కనుంచి వచ్చి పొగ ఇంకో పక్కకి పోయేది, మాత్రం వాళ్ళ బ్లాకు మీద నేరుగా కూర్చోదు, అప్పటికి దార్లు వేరైపోయాయి.

అలా మార్చుకుంటూ, మార్చుకుంటూ 2002లో బారా వచ్చింది. 4 లీటర్ల సిక్స్. టర్బోతో 240 కిలోవాట్లు. 2016లో ఆఖరి ఎక్స్‌ఆర్6 స్ప్రింట్ నాటికి 325. ఆ ఏడాది అక్టోబర్ 7న ఫోర్డ్ ఇక్కడ కార్లు చెయ్యడం ఆపేసింది. ఇప్పుడు అదే బారాని అమెరికా వాళ్ళు తెప్పించుకుని మస్టాంగుల్లో దించుతున్నారు. పాతికేళ్ళు నిండని మన ఫాల్కన్‌ని బండిగా అక్కడికి దింపుకోవడం చాలా కష్టం, ఇంజన్ అయితే సామాను కింద వెళ్ళిపోతుంది. 1960లో అటునుంచి 2.4 లీటర్ల పిల్లగా వచ్చింది, ఇటునుంచి అలా తిరిగి వెళ్తోంది. ఫ్యాక్టరీ మూసిన రోజు గేటు బయట నిలబడి ఏడ్చినవాళ్ళని టీవీలో చూశాం మనమంతా. వాళ్ళు చేసిన వస్తువు కోసం ఇంకా ఎక్కడో ఎవరో పెట్టె విప్పుతున్నారు. నాకు అది చాలా పెద్ద విషయం. బారా కొనేవాళ్ళకి ఒక్కటే చెప్తాను, ఇంజన్ బయట ఉన్నప్పుడే నూనె పంపు లోపలి గేర్లు గట్టివి వేయించండి, వాల్వు స్ప్రింగులు మార్పించండి. దించాక చెయ్యాలంటే రెండింతల పని.

సరే, మాటలు చాలు. ఇప్పుడు కొలుద్దాం. 58 సీసీ, 58 సీసీ అని ఇందాకటి నుంచి అంటున్నాను. ఎవరు కొలిచారు? పుస్తకంలో ఉంది. ఈ హెడ్డులో ఎంత ఉందో మనకి తెలియదు. ఇదిగో బ్యూరెట్. ఇంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ చేశారుగా, అదే. రంగు కలిపిన కిరోసిన్ నింపాను. వాల్వులు మూసి ఉన్నాయి, స్పార్క్ ప్లగ్గు బిగించాను. గుంట అంచు చుట్టూ పలచగా గ్రీజు రాసి, ఈ ప్లాస్టిక్ పలక అతికిస్తున్నాను. పలకలో చిన్న రంధ్రం ఉంది, అందులోంచి చుక్కలు చుక్కలుగా వదులుతాను. బుడగ కనిపిస్తే చెప్పండి.

తమ్ముడూ, నువ్వు బ్యూరెట్ మీద అంకె చదువు. 50. 55. నెమ్మదిగా. 58. ఇంకా నిండలేదు చూడండి, ఆ మూల బుడగ ఉంది. 59. ఇప్పుడు నిండింది. ఎంత? 59 మీద అర. అంటే పుస్తకం కంటే ఒకటిన్నర సీసీ ఎక్కువ. ఎందుకు? ఎవరో ఇదివరకు వాల్వు సీట్లు, అంటే వాల్వు ఆనే అంచులు, కోయించారు, వాల్వులు లోపలికి దిగాయి. ఇప్పుడు లెక్క మళ్ళీ వెయ్యండి. 59 మీద అరకి 17 కలిపితే 76 మీద అర. 721 కలిపి భాగిస్తే 10.4. పదిన్నర దాటుతుందన్నాను కదా, దాటలేదు. ఇంకా మూడు గుంటలున్నాయి, ఆ మూడూ ఇంతే ఉంటాయని ఎవరు చెప్పగలరు?

రెండోది ఎవరు కొలుస్తారు? రా తల్లీ, నువ్వు రా. ముందు ఈ గ్లవ్స్ వేసుకో. గ్రీజు ఎక్కువ రాయకు, గుంటలోకి జారితే ఆ మేరకు కొలత తగ్గిపోతుంది.